లైన్ ఇవ్వమన్నదెవరు?

"నీ ఫోన్‌కెళ్లే కాల్ పోయింది. నువ్వు చెయ్యలేదంటున్నవు. మరి ఫోనుకు నోరొచ్చి అదే మాట్లాడిందా పాపన్నా?"

రజిత అడిగిన దానికి పాపయ్య తలెత్తలేదు. స్టేషన్ వెనక గదిలో బెంచీ అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని నేలకేసి చూస్తున్నాడు. మధ్యాహ్నం కోర్టులో హాజరుపరుస్తారు. అక్కణ్నుంచి జైలు. ఆమెకున్నది ఆ కాస్త వ్యవధే.

"నేను చెయ్యలే బిడ్డా. గోప్యా నా చేతులల్ల పని నేర్చుకున్నోడు. వాణ్ని చెట్టు మీద పెట్టుకొని కరెంటు ఇడువుమని ఎట్ల చెప్త?"

పాపయ్య లీలావనం గార్డెన్స్‌లో మేస్త్రీ. జనగామలో నర్సరీ, చుట్టుపక్కల జిల్లాల్లో మిల్లులకూ కాలనీలకూ పచ్చిక పెంచడం, చెట్లు కొట్టడం ఆ కంపెనీ పని. ఈ సోమవారం ఊరి బయట పత్తి మిల్లులో నిద్రగన్నేరు కొమ్మలు నరుకుతుండగా, ఆపి ఉంచిన లెవెన్ కేవీ లైనులోకి కరెంటు వచ్చింది. చెట్టు మీదున్న గోప్యా అక్కడికక్కడే చనిపోయాడు. గంగారం పక్క తండా మనిషి. ఇద్దరు పిల్లలు. పని అయిపోయిందని పాపయ్యే ఫోన్ చేశాడని, అందుకే లైన్ ఇచ్చానని మిల్లు ఎలక్ట్రీషియన్ చెప్పాడు. పోలీసులు పాపయ్యను పట్టుకొచ్చారు.

కంపెనీ యజమానురాలు లీల మాత్రం ఒప్పుకోలేదు. "ఆయన గసుంటి మనిషి కాదు. నిజమేందో నువ్వే తేల్చు" అని హన్మకొండ నుంచి డిటెక్టివ్ రజితను పిలిపించింది.

"ఫోన్ ఎక్కడ పెట్టినవు ఆ పొద్దు?"

"డబ్బాల."

"ఏ డబ్బా?"

"రాహుల్ సారు కొత్తగ రూలు పెట్టిండు. పనిల దిగేముందు అందరం ఫోన్లు, ఉంగరాలు, కడియాలు డబ్బాల ఎయ్యాలె. చెట్టెక్కేటోల్లే కాదు, కిందుండే నేను సుత. నొక్కితే పడే తాళం. చెవి సారు దగ్గర్నే ఉంటది."

రాహుల్ కంపెనీ మేనేజరు. లీలకు అక్క కొడుకు.

"మరి పని అయిపోయిందని ఎలక్ట్రీషియన్‌కు ఎట్ల చెప్తవు?"

"నడుచుకుంట పోయి చెప్త. అందరు దిగినంక, నా కండ్లతోని చూసినంక."

"నీ ఫోన్ పోలీసులకు నీ జేబులనే దొరికింది గదా?"

"పోరడు పడంగనే అంత ఆగమాగమైంది. రాహుల్ సారు ఫోన్ తెచ్చి నా చేతుల పెట్టి, నూటెనిమిదికి కొట్టు అన్నడు."

రజిత ముందుకు వంగింది. "రాహుల్ అప్పటికే అక్కడున్నడా?"

పాపయ్య మొదటిసారి తలెత్తాడు. ఈ మూడు రోజుల్లో అతనికి ఆ ప్రశ్న తట్టనేలేదని ఆ మొహమే చెబుతోంది.

"ఉన్నడు" అన్నాడు నెమ్మదిగా. "ఎట్లొచ్చిండో మరి."

"కథ బాగుంది." గుమ్మంలోంచి సీఐ నితిన్ గొంతు వినిపించింది. అతనూ రజితా ఒకే బ్యాచ్‌లో పోలీసు శిక్షణ తీసుకున్నారు. రజిత ఉద్యోగం వదిలేసింది, అతను పైకొచ్చాడు. అప్పటినుంచీ ఎక్కడ ఎదురుపడినా ఇద్దరికీ పడదు. "డబ్బా లేదు, రూలు లేదు. రాహుల్‌ను నేను అడిగిన. అసలట్లాంటిది పెట్టనే లేదన్నడు. పనోల్లు సుత ఆయన మాటకు ఎదురు చెప్పలే. ముసలాయన నోట్లోంచి ఊడిపడిందల్లా నువ్వు ఏరుకుంటున్నవు."

"రాహుల్ నోట్లోంచి ఊడిపడింది నువ్వు ఏరుకున్నవు గదా. తేడా ఏంది?"

"తేడా సాక్ష్యం."

"అయితే మిల్లుకు రా. ఆ సాక్ష్యం ఎంత గట్టిగుందో చూద్దాం."

నితిన్ గడియారం చూసుకున్నాడు. "ఎట్లాగూ మిల్లు ఎలక్ట్రీషియన్ ఐలయ్య సంతకం కావాలె. రాహుల్‌ను కూడా అక్కడికే రమ్మన్న. నీకు అంతవరకే టైము."

*

పత్తి మిల్లులో యంత్రాలు నడుస్తున్నాయి. కరెంటు గదిలో మాట వినపడాలంటే గొంతు పెంచాల్సి వస్తోంది. ఎలక్ట్రీషియన్ ఐలయ్య ప్యానెల్ ముందు నిలబడి, చెప్పిందే మళ్లీ చెప్పబోయాడు. రజిత చెయ్యెత్తి ఆపింది.

"సారాంశం వద్దు. ఫోన్ల ఏమేం మాటలు వినబడ్డయో అవే చెప్పు. ఒక్క అక్షరం మార్చకు."

ఐలయ్య కళ్లు మూసుకున్నాడు. "'పని అయిపోయింది. అందరూ కిందికి దిగారు. సప్లై ఇచ్చేయండి.' గంతే మేడం. కట్ చేసిండు."

"గొంతు పాపన్నదేనా?"

"మిల్లు మోతల ఏం తెలుస్తది? 'పాపన్న బావ' అని పేరు పడ్డది. ఇచ్చిన."

"బావా? చుట్టమా?"

"ఇద్దరిది బచ్చన్నపేటనే మేడం. చిన్నప్పటిసంది బావా అంటె బావా అనుకునుడే."

"పాపన్న ఎన్నడన్న నిన్ను 'ఇచ్చేయండి' అన్నడా?"

ఐలయ్య తల అడ్డంగా ఊపాడు.

"'దిగారు' అంటడా పాపన్న? 'దిగిన్రు' అనడా?"

"గట్లెందుకంటడు..." ఐలయ్య ప్యానెల్ హ్యాండిల్ వైపు చూశాడు. సోమవారం దాన్ని పైకెత్తిన తన చెయ్యినే చూసుకుంటున్నట్టున్నాడు. "అయ్యో. గది నాకు మతికే రాలే మేడం. నేను... గప్పుడు నేను..."

"నువ్వు పేరు చూసినవు. మాట వినలే." రజిత అతని భుజం మీద చెయ్యేసింది. "ఇప్పుడు విన్నవు గదా. అది చాలు."

"భాష పట్టుకొని జడ్జి ముందు నిలబడమంటవా?" అన్నాడు నితిన్.

"లేదు. బండి చూద్దాం."

కంపెనీ ట్రాలీ ఆటో సోమవారం నుంచీ నిద్రగన్నేరు కిందే ఉంది. నరికిన కొమ్మల ఆకులు ఎండి గలగలమంటున్నాయి. చెట్టు కాండం దగ్గర గడ్డి ఇంకా అణగిపోయే ఉంది. రజిత అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయింది.

ఆటో వెనక పనిముట్లు తగిలించే కొక్కేలున్నాయి. రంపాలు, తాళ్లు, రబ్బరు తొడుగులు, హెల్మెట్లు ఎక్కడివక్కడ ఉన్నాయి. ఒక కొక్కెం మాత్రం ఖాళీ. దాని వెనక రేకు మీద గొలుసు ఒరుసుకున్న గీతలు మెరుస్తున్నాయి.

"ఎర్త్ గొలుసు ఏది?"

నితిన్ భుజాలెగరేశాడు. "ఏం గొలుసు?"

"ఒక కొస లైను మీద తగిలిస్తరు. రెండో కొస భూమిల దిగ్గొట్టిన కడ్డీకి కడతరు. పొరపాటున కరెంటొచ్చినా మనిషి మీదికి పోదు, భూమిలకు పోతది. అక్కడ ప్యానెల్ ట్రిప్పయి లైను బందైతది. అది ఉంటే గోప్యా బతికేటోడు. రోజూ ఉండే గొలుసు ఆ ఒక్కపొద్దే ఎందుకు లేదు?"

"మేస్త్రీ తేలేదు. అదే నిర్లక్ష్యం అంటే."

రజిత డ్రైవరు సీటు కిందికి వంగింది. స్టీలు డబ్బా ఒకటి చేతికి తగిలింది. బయటికి లాగింది. కొత్తది. మూతకు తెరిచిన తాళం వేలాడుతోంది.

"అది పానాల డబ్బా. నేను చూసిన" అన్నాడు నితిన్.

నిజమే, నిండా పానాలూ స్క్రూడ్రైవర్లూ ఉన్నాయి. రజిత వాటిని ఒక్కొక్కటే తీసి గడ్డిలో పడేసింది. అడుగున నూనెగుడ్డ. గుడ్డ మడతలో బరువుగా ఏదో ఉంది. విప్పింది.

వెండి కడియం.

నితిన్ దగ్గరికొచ్చాడు.

"గోప్యా భార్య పుష్ప నన్ను ఒకటే అడిగింది" అంది రజిత. "'మా ఆయన చేతి కడెం శవంతోని రాలేదక్కా, ఎవలు తీసుకున్నరు' అని. మిగతావాళ్లు ఎవరి వస్తువులు వాళ్లు తీసుకున్నరు. చచ్చిపోయినోనిది తీసుకునేటోడు లేక అడుగున ఉండిపోయింది. పైన పానాలు పోసినోడు అడుగు చూడలే. డబ్బా ఉంది నితిన్. రూలు కూడా ఉంది. పాపన్న ఫోను ఇందులనే ఉంది."

నితిన్ కడియం తీసుకుని వేళ్ల మధ్య తిప్పాడు. మిల్లు గేటులోంచి తెల్ల కారు లోపలికి వస్తోంది.

*

రాహుల్‌కు ముప్పై ఏళ్లుంటాయి. జనగామలోనే పుట్టినా, మాట మాత్రం టీవీలో వార్తలు చదివినట్టుంటుంది. మరీ మొరటుగా మాట్లాడితే కస్టమర్లు గౌరవించరని పనివాళ్లకు కూడా చెబుతాడట.

"నమస్తే సార్. పాపయ్యను కోర్టుకు ఎప్పుడు తీసుకెళ్తున్నారు?"

"ముందు ఒకటి చెప్పండి" అంది రజిత. "గోప్యా పడిపోయినట్టు మీకెవరు చెప్పారు?"

"పాపయ్యే ఫోన్ చేశాడు. నేను రఘునాథపల్లి దగ్గరున్నాను. వెంటనే వచ్చేశాను."

రజిత నితిన్ వైపు తిరిగింది. "ఐలయ్యకు పోయిన కాల్ తర్వాత, పాపన్న ఫోన్‌కెళ్లి ఎవరెవరికి పోయినయి?"

నితిన్ గొంతు తగ్గింది. "నూటెనిమిదికి. అంతే."

"రాహుల్‌కు?"

"లేదు."

"అంటే... మిల్లువాళ్లెవరో చేశారనుకుంటా" అన్నాడు రాహుల్. "కంగారులో గుర్తులేదు."

నితిన్ చెయ్యి చాపాడు. "మీ ఫోన్ ఇవ్వండి."

"ఎందుకండీ?"

"ఇవ్వండి."

రాహుల్ ఇచ్చాడు. నితిన్ దాన్ని చేతిలోనే పట్టుకున్నాడు. రజిత తన ఫోన్ తీసి లీలకు కలిపింది. రెండుసార్లు మోగాక లీల ఎత్తింది.

"చెప్పు రజితా. నర్సరీల ఉన్న."

"లీలక్కా, సోమవారం గోప్యా సంగతి రాహుల్‌కు ఎవరు చెప్పిన్రు?"

లీల ఆగి ఆగి చెప్పింది.

"మిల్లు మేనేజర్ నాకు చెప్పిండు. నేను రాహుల్‌కు చేసిన. చెప్పబోతుంటె, 'నేను మిల్లు కాడ్నే ఉన్న' అన్నడు. నాకు గప్పుడే అనుమానమొచ్చింది రజితా. సొంత అక్క కొడుకు. నోరు రాలే. వాడు ఏమన్న చేసిండా?"

"మళ్లీ చేస్త అక్కా."

ఫోన్ పెట్టేసి రజిత ఆ మాటలు ఉన్నదున్నట్టు చెప్పింది. రాహుల్ మొహంలో రంగు మారడం నితిన్ కూడా చూశాడు. అది దొరికిపోయినవాడి భయంలా లేదు. నమ్మినవాళ్లు వెనకనుంచి తోసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"పిన్ని చెప్పిందా ఆ మాట?"

"అవును."

"పిన్నే చెప్పిందా?" మళ్లీ అదే అడిగాడు.

"నిన్న మొగుళ్లపల్లి పోయి మీ దగ్గర కూలికొచ్చే ఎల్లక్కను కలిసిన" అంది రజిత. "భూపాలపల్లి కాలనీల మీ కంపెనీ గడ్డి కోసే మిషిన్లకెళ్లి రాయి ఎగిరొచ్చి ఆమె కన్ను పోయింది. మిషిన్‌కు ఉండాల్సిన అడ్డురేకు ఎవరో పీకేసిన్రు. మీరేమో ఇంట్ల జారిపడ్డదని దవాఖానల రాయించిన్రు. నిజం చెప్తమని లేబర్ ఆఫీసుకు పోనీకి తయారైనోళ్లు ఇద్దరు. ఆమెను ఎత్తుకొని దవాఖానకు పోయిన గోప్యా ఒకడు. మిషిన్ నడిపిన సంతోష్ ఒకడు." ఆమె ఆగింది. తన మాటలే తనను కుదిపినట్టు అడిగింది. "సంతోష్ ఇయ్యాల ఎక్కడున్నడు?"

రాహుల్ పెదాలు తడుపుకున్నాడు.

"ఎక్కడున్నడు?"

"మహబూబాబాద్. మిర్చి కోల్డ్ స్టోరేజీలో చెట్లు కొడుతున్నాడు."

"లైను కిందనా?"

తలూపాడు.

"ఆ బండిల ఎర్త్ గొలుసు ఉన్నదా?"

రాహుల్ చూపు దించేశాడు.

రజిత అప్పటికే సంతోష్ నంబర్ నొక్కుతోంది. ఫోన్ మోగింది, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కబోయి ఆగింది. అక్కడ ఫోన్లన్నీ డబ్బాలో ఉంటాయి. తాళం పడి ఉంటుంది. చెట్టు మీదున్నవాణ్ని పిలవడానికి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

"కోల్డ్ స్టోరేజీ కరెంటు గది నంబర్ కావాలె" అంటూ మళ్లీ లీలకు చేసింది. లీల వెంటనే నంబర్ చెప్పింది. రజిత చేసి చూసింది. అలాంటి నంబరే లేదంది ఫోన్. ఒక అంకె తప్పు విన్నానేమోనని మళ్లీ లీలకు చేస్తే, ఎంగేజ్.

"ఆగు" అన్నాడు నితిన్. అక్కడి పోలీసులకు ఫోన్ చేసి, గేటు దగ్గరికి ఎవరినైనా పంపమని అరిచి, నంబర్ అడిగి తీసుకున్నాడు. అతను చెబుతుంటే రజిత నొక్కింది. ఎంగేజ్. మళ్లీ నొక్కింది. ఎంగేజ్. తొందరలో మూడోసారి తప్పు నొక్కింది. నాలుగోసారి మోగింది.

"హలో, ఎవలు?" ఎవరో మధ్యవయసు మనిషి గొంతు.

"చెట్లు కొట్టే లైను ఆఫ్‌ల ఉన్నదా? ఇయ్యకు! ఎవరు చెప్పినా ఇయ్యకు!"

"ఏందమ్మా మీరు? ఇప్పుడే ఇయ్యమన్నరు. అందరు దిగిన్రట. ఇద్దమంటె హ్యాండిల్‌కు తాళం ఉంది. సుత్తె తెచ్చిన, పగలగొడుతున్న."

"పగలగొట్టకు! నీ మీద ఒట్టు, సుత్తె కింద పడెయ్యి. బయటికి పోయి చెట్టు మీదికి చూడు. ఫోన్ పెట్టకు."

అవతల అడుగుల చప్పుడు. తలుపు కిర్రుమంది. మిల్లు మోతలో రజిత ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకుంది.

"వామ్మో" అన్నాడు అవతలి మనిషి. "మీదనే ఉన్నడమ్మా. సంతోష్ మీదనే ఉన్నడు. కొమ్మ మీద కూసొని రంపం పట్టుకొని..."

"దించు. ముందు దించు. తాళం ఎవరు వేసిన్రు?"

"వాడే. గోప్యాను మట్టి చేసి వచ్చినకాడికెళ్లి వానికి భయం పట్టింది. పొద్దుగాల బజార్ల తాళం కొనుక్కొచ్చి హ్యాండిల్‌కు ఏసిండు. చెవి నడుముకు కట్టుకొని ఎక్కిండు. నేనే నవ్విన. నవ్విన అమ్మా."

రజిత ఆటో అంచున కూర్చుంది.

"లైన్ ఇయ్యమని నీకు చెప్పిందెవరు?"

"చెట్లు కొట్టే కంపెనీ ఓనరమ్మ. లీలమ్మ. 'మా రాహుల్ ఇప్పుడే ఫోన్ చేసిండు, అందరు దిగిన్రట, ఇయ్యి' అన్నది. ఓనరే చెప్పినంక ఇంకేమున్నది?"

రజిత నితిన్ చేతిలోని ఫోన్ వైపు చూసింది. రాహుల్ ఫోన్. రాహుల్ ఇచ్చినప్పటి నుంచీ అది నితిన్ గుప్పిట్లోనే ఉంది. దానిలోంచి ఎవరికీ ఏ కాలూ పోలేదు. ఆ సంగతి లీలకు తెలియదు.

ఆమె ఫోన్ స్పీకర్ మీద పెట్టి ఆ మాటను మరోసారి చెప్పించింది. రాహుల్ విన్నాడు. విని, కారు ముందుచక్రం పక్కన గడ్డిలో కూలబడ్డాడు. టీవీ మాట ఎటు పోయిందో, ఇంటి మాట బయటికొచ్చింది.

"నా పేరు చెప్పిందా? సంతోష్‌గాని సావు సుత నా మీదనే ఎయ్యాలని చూసిందా?" రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "మిషిన్ రేకు పీకమన్నది చిన్నమ్మనే. రేకు ఉంటె పని లేటైతున్నదని. లేబరోల్లు వస్తె ఇద్దరం జైలుకు పోతమన్నది. గొలుసులు టెస్టింగ్‌కు పంపాలె, రెండు బండ్లల్లకెళ్లి తియ్యి అన్నది. డబ్బా పెట్టు అన్నది. నేను గోప్యా ఒక్కడే అనుకున్న. 'సంతోష్‌తోని నేను మాట్లాడి ఒప్పిస్త, వాన్ని ముట్ట' అని మాటిచ్చింది..."

"పాపయ్య ఫోన్‌లో మాట్లాడింది నువ్వేనా?" నితిన్ అడిగాడు.

రాహుల్ మొహం మీది చేతులు తియ్యకుండానే తలూపాడు.

నితిన్ అతన్ని రెక్క పట్టి లేపి వెంట వచ్చిన కానిస్టేబుల్‌కు అప్పగించాడు. తర్వాత స్టేషన్‌కు ఫోన్ చేసి, పాపయ్యను కోర్టుకు తీసుకెళ్లొద్దన్నాడు. రజిత వైపు మాత్రం చూడలేదు.

"నన్నెందుకు పిలిచిందో ఇప్పుడు సమజైంది" అంది రజిత. "పాపన్నను కాపాడనీకి కాదు. రాహుల్‌ను నా చేతుల పెట్టనీకి. నర్సరీకి మనుషులను పంపు."

"పంపిన. తొవ్వల ఉన్నరు" అంటుండగానే రజిత ఫోన్ మోగింది.

లీల.

రజిత వేలు పెదవుల మీద పెట్టుకుని ఫోన్ ఎత్తింది.

"రజితా, ఏమైంది? కోల్డ్ స్టోరేజీ వాళ్లు దొరికిన్రా?" ఏ తొందరా లేని గొంతు. "నా బుద్ధి మండ, నంబర్ తప్పు చెప్పినట్టున్న. సంతోష్ మంచిగనే ఉన్నడా?"

"కనుక్కుంటున్న అక్కా. ఇంకా దొరకలే." రజిత తన గొంతును తనే పట్టి ఉంచింది. "నువ్వు నర్సరీలనే ఉన్నవు గదా? నేను అక్కడికే వస్తున్న."

"ఆ, ఇక్కడే ఉన్న. నిమ్మళంగ రా."

ఆ మాట వెనక ఒక కోడి అరిచింది. గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత కాస్త దూరంనుంచి, నిన్న సాయంత్రం మొగుళ్లపల్లిలో రజిత ఒకే మంచం మీద పక్కన కూర్చుని విన్న గొంతు వినిపించింది.

"లీలమ్మా, చాయ పెట్టిన. ఒంటి కన్నుతోని జర లేటైంది గానీ, లోపలికి రా అమ్మా. ఇంట్ల ఎవలు లేరు, నేనొక్కదాన్నే."

"వస్తున్న ఎల్లక్కా" అంది లీల మెత్తగా.

ఫోన్ కట్టయింది.

"మొగుళ్లపల్లి!" రజిత జీపు వైపు పరుగెత్తింది. "నర్సరీల లేదు, ఎల్లక్క ఇంట్ల ఉంది! ఫోన్ కలుపు, పక్కింటోల్లకు, సర్పంచికి, ఎవరికైనా! ఆమెను ఆ ఇంట్ల ఒంటరిగ ఉంచొద్దని చెప్పు!"

నితిన్ ఈసారి ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని అరుస్తూనే జీపు స్టార్ట్ చేశాడు.